నాలుగు లోపు

మూడు పాయింటు ఆరు. పక్కన నక్షత్రం లేదు. ఆరు వారాల కిందటి రక్తపరీక్ష కాగితంలో ఐదు పాయింటు ఒకటి, దాని పక్కన ఆవగింజంత నల్ల నక్షత్రం, నాలుగు దాటితే ల్యాబులో మిషను తనంతట తానే ఆ గుర్తు వేస్తుందట, ఈసారి వెయ్యలేదు, అంకె అయిపోయిన చోటినుంచి అంచు దాకా కాగితం ఖాళీగా ఉంది, ఆ ఖాళీనే ఇందాకటినుంచీ చూస్తూ కూర్చున్నాను. నా టోకెను పదిహేడు. గోడ మీది ఎర్ర అంకె పదకొండు దగ్గర ఆగి పావుగంటయింది. మధ్యాహ్నం రెండున్నర, బడిలో అయితే ఆరో పీరియడు, పిల్లలు బల్లలకు గడ్డాలు ఆనించి నన్ను చూస్తున్నట్టు నటించే వేళ. లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, నన్నెవరూ పట్టుకుని ఆపరు, పదిహేడు రాగానే రెండుసార్లు పిలిచి పద్దెనిమిదిని లోపలికి పంపిస్తారు. ఇంటికి వెళ్ళి నాలుగు లోపే వచ్చిందని చెప్తే మా ఆవిడ సగం విని గ్యాసు వెలిగిస్తుంది. తోడు వస్తానంటే నేనే వద్దన్నాను, ఇద్దరు కూర్చుని చదవాల్సినంత పెద్ద కాగితమా అన్నాను. లేవాలనే ఉంది. కానీ లేవడానికీ కాస్త ఓపిక కావాలి, ఏడాదిగా నా దగ్గర లేనిది అదే, పొద్దున చొక్కా గుండీలు పెట్టుకునేసరికే సాయంత్రమైనట్టు ఉంటోంది.

ఈ హాల్లో ఆడవాళ్ళందరూ తోడు వచ్చినవాళ్ళే, పిలుపు కోసం కూర్చున్నవాళ్ళందరూ యాభై దాటిన మగవాళ్ళే. అందరికీ ఒకటే గ్రంథి, మూత్రాశయం కింద ఉసిరికాయంత ఉండి, ఇన్నేళ్ళూ ఉన్నట్టే తెలియనివ్వకుండా ఉండి, ఈ వయసులో తన పేరు నేర్పించేది. ప్రోస్టేటు. ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతున్నారు, నేను తెలుగు మాస్టారిని కాబట్టి చెవి అక్కడికే పోతోంది. స్కానింగు కోసం నీళ్ళు తాగి ఆపుకోమంటే ఒక పెద్దాయన గోడ వెంబడి నడుస్తున్నాడు, నర్సు తలుపు సందులోంచి తొంగిచూసి ఇంకో రెండు గ్లాసులు తాగాలి తాతగారూ అంది, ఆయన ఆ పిల్ల వంక చూసిన చూపులో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నా పక్క కుర్చీలో ఒక బస్సు డ్రైవరు, రిటైరైనాయన, వచ్చిన పది నిమిషాల్లోనే నేను మాస్టారినని రాబట్టాడు. "ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాను మాస్టారూ, ఆపమన్న చోటల్లా ఆపాను. ఇప్పుడు నేను ఆపమంటే అది ఆగట్లేదు" అన్నాడు. నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఆయన రక్తపరీక్షలో అంకె పదకొండట, భయపడి గ్రంథిలోంచి పన్నెండు ముక్కలు తీసి చూశారట, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదట, ఊరికే వాచిందన్నారట. పదకొండుకి ఏమీ లేదు. అన్నయ్య మూడు పాయింటు ఏడుకి మాత్రం, అనుకున్నాను, అక్కడ ఆపేశాను.

మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, నా క్లాసులో రెండో వరసలో కూర్చుని ఉండదగ్గ వయసు, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇది దొంగని పట్టుకునే అంకె కాదు మాస్టారూ, తలుపు చప్పుడైందని చెప్పే అంకె, గాలి కావచ్చు, పిల్లి కావచ్చు, చప్పుడైనప్పుడల్లా దొంగే అనుకోకూడదు, చప్పుడు కాలేదని తలుపు తీసి పెట్టుకోకూడదు అంది. మూత్రంలో కాస్త ఇన్‌ఫెక్షను ఉంది, దానివల్ల కూడా అంకె పెరుగుతుంది, మందు వాడి ఆరు వారాలాగి మళ్ళీ చేయిద్దాం అంది. పరీక్షకి రెండు రోజుల ముందునుంచీ సైకిలెక్కొద్దంది. ఇంకొకటి కూడా వద్దంది, ఆ ఇంకొకటి ఏమిటో గోడ మీది శరీరం పటం వైపు చూస్తూ చెప్పింది, నేనూ ఆ పటం వైపే చూస్తూ సరేనన్నాను, ఇద్దరం చాలాసేపు ఒక ఊపిరితిత్తిని చూశాం. అన్నయ్య ఉంటే ఈ ముక్క చెప్పి ఉండేవాణ్ణి. చెప్పగానే తల వెనక్కి వాల్చి శబ్దం రాకుండా నవ్వేవాడు, భుజాలు మాత్రం ఊగేవి.

అన్నయ్యకు కాగితమంటే భయం. నన్ను చదివించడం కోసం తను ఎనిమిదో తరగతిలో బడి మానేసి తాళాలు బాగుచేసే కొట్లో కూర్చున్నాడు. ఎంత మొండి తాళమైనా చెవి దగ్గర పెట్టుకుని ఊచ తిప్పితే తెరుచుకునేది, అచ్చులో ఉన్న కాగితం మాత్రం చేతికివ్వగానే నా వైపు జరిపేవాడు. కరెంటాఫీసు కాగితమైనా, కొడుకు కాలేజీ కాగితమైనా. యాభై తొమ్మిదో ఏట ఎవరో చెప్తే ఒంటి పరీక్షలన్నీ చేయించుకుని ఆ కవరు పట్టుకుని ఆదివారం పూట మా ఇంటికి వచ్చాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. దిద్దుతున్నవాణ్ణి దిద్దుతున్నట్టే ఆ కాగితం తీసుకున్నాను. ఒకవైపు అన్నయ్య అంకె, దాని పక్కనే ఎంత లోపు ఉండాలో ఆ అంకె, ఇంత సులువైన జవాబు పత్రం ఎవరూ రాయరు. చక్కెర, లోపే, రైటు. ఉప్పు, లోపే, రైటు. ప్రోస్టేటు, ఒకటి పాయింటు రెండు, నాలుగు లోపే. ఎర్ర కలం చేతిలోనే ఉంది, రైటు కొట్టాను. పాసయ్యావు అన్నయ్యా, అన్నాను. ఆ మాటకి ఎంత సంతోషించాడో, ఎనిమిదో తరగతి తర్వాత తను రాసిన మొదటి పరీక్ష అదేనన్నట్టు కాగితం మడవకుండా రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళాడు. మరుసటి ఏడు రెండు పాయింటు ఒకటి. నాలుగు లోపే. రైటు. ఆ పై ఏడు మూడు పాయింటు ఏడు. ఆ రోజు బాగా గుర్తుంది, అన్నయ్య గడపలో నిలబడే కాగితం ఇచ్చాడు, కొట్టు తెరిచే వచ్చానురా తొందరగా దిద్దిచ్చెయ్యి అన్నాడు. చదివిపెట్టు అనలేదు. దిద్దు అన్నాడు. నేను దిద్దాను.

అదే ఏడు, అదే నెల అయ్యుండాలి, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉండేది, మొదటి పరీక్షలో ఎనభై రెండు, తర్వాత అరవై ఒకటి, తర్వాత నలభై నాలుగు. పాసు మార్కు ముప్పై అయిదు. పాసే. అయినా నేను వాళ్ళ నాన్నను పిలిపించాను. ఆయన పని మానుకుని వచ్చి పాసయింది కదా మాస్టారూ ఇంకేమిటి అన్నాడు. నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. పాసా ఫెయిలా అని చూడకండి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి, అన్నాను. ఆ పిల్లకు బోర్డు కనపడటం లేదని తేలింది, కళ్ళజోడు వేయించారు, సంవత్సరం చివర ఎనభై వచ్చాయి. ఈ సంగతి స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను కూడా. అన్నయ్యవి మూడు కాగితాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఏ ఏటి కాగితం ఆ ఏడే చూశాను. ఒకటి పాయింటు రెండు, రెండు పాయింటు ఒకటి, మూడు పాయింటు ఏడు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాలుగో ఏడు అన్నయ్య పరీక్షే చేయించుకోలేదు, వరసగా మూడేళ్ళు పాసయ్యాను కదరా ఇంకెందుకు అన్నాడు, నేనూ సరేనన్నాను. అయిదో ఏడు నడుం నొప్పి. స్టూలు మీద వంగి కూర్చునే పని, నొప్పి రాక ఏమవుతుంది అనుకున్నాం, స్టూలు మార్చాం, కింద దిండు వేశాం. క్యాన్సరు ఎముకల్లో ఉందని తెలిసేసరికి ఆ అంకె రెండు వందల పన్నెండు.

పెద్దాసుపత్రిలో కాగితాలన్నీ ఉన్న ఫైలు వదినే పట్టుకునేది, కొంగు కింద దాచుకుని. అక్కడి డాక్టరు పాతవి ఉన్నాయా అంటే వరసగా మూడూ తీసి బల్ల మీద పరిచింది. అప్పుడు చూశాను మూడూ పక్కపక్కన. ఎర్ర సిరాతో మూడు రైటు గుర్తులు, మూడోది కాస్త పెద్దది, చివర్లో తోక విదిల్చినట్టు. డాక్టరు కళ్ళజోడు పైకి తోసి, ఇవి ఎవరు పెట్టారమ్మా అన్నాడు. "మా మరిదండీ. మాస్టారు. ఏదైనా ఆయన చూశాకే మాకు నమ్మకం" అంది వదిన. గర్వంగా అంది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. డాక్టరు నన్ను ఒకసారి చూసి, ఏమీ అనకుండా పేజీ తిప్పాడు. అనుంటే బాగుండేది. అన్నయ్య ఏడాదిపాటు మంచాన ఉన్నాడు, వారానికి నాలుగు రోజులు పక్కన కూర్చున్నాను, చెప్పాలని నోటి దాకా వచ్చేది, అన్నయ్య మాత్రం మంచి కాలంలో మూడేళ్ళు నువ్వు చూసిపెట్టావు గానీ తర్వాత నేనే అశ్రద్ధ చేశానురా అనేవాడు. నాకు బదులు తను తప్పు ఒప్పేసుకున్నాడు. నేను ఒప్పుకోనిచ్చాను. ఇది ఎవరికీ తెలియదు. వదినకు తెలియదు, అన్నయ్య కొడుక్కి తెలియదు, మా ఆవిడకు నేను అన్నం సగంలో లేచిపోతున్నానని తప్ప ఇంకేమీ తెలియదు.

గోడ మీద పధ్నాలుగు. డ్రైవరు లేచి వెళ్ళి వచ్చాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేవాలా అన్నట్టు ఒక క్షణం ఆలోచించి కుర్చీలో సర్దుకున్నాడు. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు ఒక ఫారం ఇచ్చారు. మీ కుటుంబంలో ఈ వ్యాధి ఎవరికైనా ఉందా, పక్కన ఉంది, లేదు అని రెండు గళ్ళు. చాలాసేపు చూశాను. ఉందా అంటే వర్తమానం. అడుగుతున్నది ఇప్పటి సంగతి. ఇప్పుడు మా కుటుంబంలో ఎవరికీ లేదు. ఉన్నవాడు లేడు, వాడితోపాటే అదీ పోయింది. లేదు అన్న గడిలో గుర్తు పెట్టాను. ముప్పై రెండేళ్ళు పిల్లలకు కాలాలు నేర్పినవాణ్ణి, నా వ్యాకరణంలో తప్పు పట్టడానికి లేదు. ఉంది అని పెడితే ఎవరికి అని డాక్టరమ్మ అడుగుతుంది, అన్నయ్యకి అంటే ముందే తెలియలేదా అని అడుగుతుంది, ముందు పరీక్షలు చేయించలేదా అంటుంది. చేయించాం, నేనే చూశాను అనాలి. ఆ మాట అనకుండా ఉండటానికి ఒక విభక్తి, ఒక కాలం, ఏది దొరికితే దాని చాటున దాక్కున్నాను. ఇప్పుడు ఈ మూడు పాయింటు ఆరు కూడా అలాంటి చాటే. బడిలో మాకందరికీ కలిపి రక్తపరీక్షలు చేసినప్పుడు, మూడేళ్ళ కింద, నాది ఒకటి పాయింటు నాలుగు. ఆ కాగితం కూడా తెచ్చాను, దీని కింద ఉంది. ఒకటి పాయింటు నాలుగు నుంచి మూడు పాయింటు ఆరు. పైకి తీసి పక్కన పెట్టడం లేదు, అంతే.

"ఏదీ ఇలా ఇవ్వండి మాస్టారూ" అని డ్రైవరు నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, వేలితో వరస వెంట నడుస్తూ నా అంకె దాకా వచ్చాడు. నాలుగు లోపేగా, చుక్క కూడా పెట్టలేదు, పదకొండువాణ్ణి నేనే గుండ్రాయిలా తిరుగుతుంటే మీరెందుకండీ ఈ కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నారు, అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడో లేదో నాకు తెలియదు, తీస్తాడేమోనని చెయ్యి చాపి కాగితం లాక్కున్నంత పని చేశాను. "పాసైపోయారు, ఇంటికెళ్ళండి" అన్నాడాయన, చాలా ప్రేమగా అన్నాడు. అన్నయ్యతో నేనూ అంతే ప్రేమగా అన్నాను. ఇప్పటిదాకా నా పాపం అశ్రద్ధ అనుకుంటూ వచ్చాను, కాదు, అన్నయ్యను సంతోషపెట్టాలన్న తొందర. ఈ ముఖం చూస్తే తెలుస్తోంది. మంచి కబురు చెప్పేవాడి ముఖం ఇంత వెలుగుతుందని, ఆ వెలుగులో చెప్పేవాడికీ వినేవాడికీ అంకె కనబడదని, ఇంత దగ్గరగా కూర్చుంటే గాని తెలియలేదు. మీ మాట చల్లగా ఉండాలండీ, అన్నాను. పిలిచేదాకా కూర్చుంటాను, అన్నాను.

పదిహేడు అన్నారు. డాక్టరమ్మ కాగితం చూసి, తగ్గింది, మంచిదే అంది. నేను పాత కాగితం కూడా ముందుకు జరిపాను. రెండూ పక్కన పెట్టుకుని చూసింది, ఒక గీత గీసినట్టు వేలు అటునుంచి ఇటు కదిపింది, ఇన్‌ఫెక్షను పూర్తిగా తగ్గకపోయినా ఇంత ఉండొచ్చు, మూడు నెలలాగి ఇంకోసారి చేయిద్దాం అంటూ ఫారం తిప్పి చూసింది. ఇంట్లో ఎవరికీ లేదన్నారు కాబట్టి తొందరేం లేదు, అంది. ఇంత తేలిగ్గా అయిపోతోంది. లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోవడమే. అరచేతులు కుర్చీ చేతుల మీద ఆన్చి లేవబోయాను కూడా.

"ఉండేది" అన్నాను.

ఆమె తలెత్తింది. మా అన్నయ్యకి, అన్నాను. అరవై మూడో ఏట తెలిసింది, అరవై నాలుగో ఏట పోయాడు. మూడేళ్ళు పరీక్షలు చేయించుకున్నాడు, ప్రతిసారీ నాలుగు లోపే, ప్రతి ఏడూ పెరిగింది, చూసింది నేను. అంకెలు చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు, అందుకు ఆమెకు రుణపడి ఉంటాను. ఫారంలో నేను పెట్టిన గుర్తు కొట్టేసి పక్కన ఏదో రాసుకుంది. అయితే ఆగొద్దు మాస్టారూ అంది. సొంత అన్నయ్యకి వచ్చింది, మీది మూడేళ్ళలో రెట్టింపు దాటింది, ఈ వారంలో ఎమ్మారై తీయిద్దాం, అందులో అనుమానంగా ఏదైనా కనిపిస్తే అక్కణ్ణుంచి ముక్క తీసి చూద్దాం, కనిపించకపోతే కాగితాలన్నీ వరసగా పెట్టుకుని ఆరు నెలలకోసారి చూస్తూ ఉందాం, ఉందని కాదు, లేదని కాదు, చూడాలి, అంతే. మీకు మగపిల్లలా అంది. ఒక్కతే కూతురన్నాను. అన్నయ్యగారికి? ఒక కొడుకు, నలభై మూడేళ్ళు, అన్నాను. తండ్రికి వచ్చింది కాబట్టి నలభై దాటగానే అతను మొదలుపెట్టాల్సింది, అతనికి ఎవరైనా చెప్పారా అంది. చెప్పేవాణ్ణి నేనే. నేను తప్ప ఆ ఇంట్లో కాగితం చూసేవాళ్ళు లేరు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఇంటి దాకా వెళ్తే ఇంకో కాలం, ఇంకో విభక్తి దొరుకుతుంది. అన్నయ్య కొడుకు ఫోను మూడోసారి మోగాక తీశాడు, వెనక ఆకురాయి గీరుతున్న చప్పుడు, కొట్టు ఇప్పుడు వాడిదే. "చెప్పు బాబాయ్, ఏమన్నారు?" స్కాను తీయాలన్నారు, నా సంగతి తర్వాత, ముందు నువ్వు పరీక్ష చేయించుకోవాలి, అన్నాను. ఎందుకో, ఎప్పుడో, ఎన్నాళ్ళకొకసారో డాక్టరమ్మ చెప్పినదంతా, నేను చేయించుకున్న ల్యాబు సంగతీ చెప్పాను. ఆకురాయి ఆగింది. సరే బాబాయ్, ఆదివారం చేయించుకుని కాగితం పట్టుకుని నీ దగ్గరికే వస్తాను, నాన్నవి నువ్వేగా చూసేవాడివి, నువ్వు చూసి సరేనంటే చాలు, అన్నాడు. వాళ్ళ నాన్న గొంతే.

"నేను చూడకూడదురా. డాక్టరుకి చూపించు."

"ఏం బాబాయ్?"

రోడ్డు మీద ఏదో లారీ వెనక్కి వస్తోంది, అది ఆగేదాకా ఆగాను. "మీ నాన్నవి మూడు కాగితాలూ నేను తప్పు దిద్దాను" అన్నాను. అన్నాక, ఆ మాటకి నేను తప్పును సరిచేశానన్న అర్థం కూడా వస్తుందని తోచింది. ఇంకోసారి చెప్పాను. తప్పుగా దిద్దాను. నాలుగు లోపు ఉందని చూశాను గానీ, ఏటేటా పెరుగుతోందని చూడలేదు. చూసుంటే మూడో ఏడే తెలిసేది. మీ నాన్నకి చెప్పలేదు, మీ అమ్మకి చెప్పలేదు. నీకే చెప్తున్నాను.

అవతల కొట్టులో ఎవరో తాళం అయిందా అని అడిగారు. కొట్లో వేలాడే తాళంచెవుల గుత్తులన్నీ గాలికి ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు మాత్రం వింటూ కూర్చున్నాను. తర్వాత అడిగాడు.

"ఎన్నింటికి తెరుస్తారు ఆ ల్యాబు?"

ఎనిమిదింటికి, అన్నాను. ఈ పరీక్షకి పరగడుపున ఉండక్కర్లేదురా. తిని రా.